మా శీనుగాడి వ్యాన్‌కి ఆల్టర్నేటర్ మార్చాం

మా అబ్బాయి శీను చనిపోయి ఏడు నెలలు. వాడి వ్యాన్ ఉప్పల్‌లో మా ఇంటి ముందే ఆగి ఉంది. ఈ రోజు స్టార్ట్ కాకపోతే తుక్కుకు వేసేద్దామన్నాడు మా ఆయన. నాచారం నుంచి శీను దోస్తు యాదగిరి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కొత్తది తెచ్చాడు. పాతది విప్పడానికి స్పానర్ పెట్టగానే నేను అరిచాను.

"ఆగు బిడ్డా! ముందుగాల బ్యాటరీ వైరు తియ్యవా? షార్ట్ అయితది!"

"నీకెట్ల ఎర్క అమ్మా?"

"శీనుగాడు బండి బాగుజేస్తుంటే వానికి టార్చి వట్టింది ఎవలనుకున్నవ్ రా? లైటు జర జరిగితే సాలు, తిట్టుకుంటనే అన్నీ నేర్పిండు."

యాదగిరి నవ్వుకుంటూ వైరు తీశాడు. సాయంత్రానికి బండి స్టార్ట్ అయింది. మా ఆయన అద్దం తుడిచాడు. శీను ఉన్నప్పుడు ఆ బండి చప్పుడు గల్లీ మలుపులో వినగానే వాడికి అన్నం వండడానికి బియ్యం కడిగేదాన్ని. ఈ రోజూ కడిగాను, వండి యాదగిరికి పెట్టాను.

తిట్టుకుంటూ మీ పిల్లలు మీకేం పని నేర్పారో చెప్పండి.