బండి షెడ్డులోనే ఉంది

మా మామయ్యని మునిసిపల్ షెడ్డులో అందరూ రీడింగు అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. బండి తీసేముందు మీటరు మీదున్న అంకె, తిరిగొచ్చాక మీటరు మీదున్న అంకె లాగ్ బుక్కులో రాయాలన్నది రూలు. మిగతా డ్రైవర్లు నెలాఖరున టీ తాగుతూ, ఒకరి బుక్కులోకి ఒకరు తొంగిచూస్తూ, నోటికొచ్చిన అంకెలు వేసేవాళ్ళు. మామయ్య ఇంజన్ చప్పుడు పూర్తిగా ఆగకముందే జేబులోంచి పెన్ను తీసేవాడు. ముత్యాల్లాంటి రాత. కొట్టివేత ఒక్కటి ఉండేది కాదు.

"ఒరేయ్, పెళ్ళినాటి రీడింగెంతో మీ మామయ్యని అడుగు. టక్కున చెప్తాడు," అనేది అత్తయ్య.

"అప్పుడు సున్నా. ఆ రోజు తిరగడం మొదలెట్టిన మీటరు ఇంకా ఆగలేదు," అనేవాడు ఆయన.

నేను వాళ్ళింట్లోనే పెరిగాను. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. చేతికి ఏది దొరికితే అది చదివేవాణ్ణి. మామయ్యకి క్యారియరు పట్టుకెళ్ళినప్పుడల్లా షెడ్డు గోడకి మేకు మీద దారంతో వేలాడే చిన్న పుస్తకం కనిపించేది. వాహనాల కేటాయింపు నిబంధనలు, పద్దెనిమిది పేజీలు. ఆ షెడ్డులో దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివింది మామయ్యా నేనూ ఇద్దరమే.

బండి శాఖకి ఇస్తారు, మనిషికి కాదు. ఏ హోదా వాడికి సొంతంగా బండి, ఏ హోదా వాళ్ళు నలుగురు కలిసి ఒక బండి, ఏ హోదా నుంచి కిందకి ఎవరి కాళ్ళు వాళ్ళవే, అన్నీ అందులో ఉన్నాయి. సొంత పనులకి వాడకూడదు. కుటుంబసభ్యులని ఎక్కించకూడదు. సెలవురోజున తాళంచెవి బోర్డు మీద వేలాడాలి, బుక్కులో "బండి షెడ్డులోనే ఉంది" అని రాసి ఉండాలి. ఇంకో సంగతి కూడా గమనించాను. పద్దెనిమిది పేజీల్లో బాధ్యత అన్న మాట వచ్చిన ప్రతిచోటా దాని ముందు డ్రైవరు ఉన్నాడు. అధికారి వచ్చిన ప్రతిచోటా అనుమతి అన్న మాట ఉంది.

గోడ మీద అలా ఉండేది. షెడ్డులో ఇంకోలా ఉండేది. కుక్కల్ని పట్టే వ్యాను పెద్దవాళ్ళ ఇళ్ళకి బీరువాలు మోసేది. నీళ్ళ ట్యాంకరు కొత్తగా కడుతున్న ఏదో మేడ ముందు పగలంతా నిలబడేది. తెల్ల జీపులు మూడుండేవి, మూడూ ఒక్కలాంటివే: ఒకటి ఇంజనీర్లకి, ఒకటి పన్నుల వాళ్ళకి, ఒకటి ఆరోగ్య శాఖకి. ఆ మూడోది మామయ్యది. జ్వరాలున్న వీధులకి మందు డబ్బాల్నీ మనుషుల్నీ చేరవేయాలని దాన్ని ఇచ్చారు. ఆ మనుషులు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని సిటీ బస్సులో వెళ్ళేవాళ్ళు. పక్క సీటు వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. జీపు మాత్రం హెల్తాఫీసరు ఇంటి గేటు దగ్గర, ఆయన భార్య ఎప్పుడు బయటికొస్తుందా అని కాచుకుని ఉండేది.

మరి రీడింగు సంగతి? షెడ్డులో దానికి ఎప్పట్నుంచో ఒక పద్ధతి ఉంది. స్టీరింగు కింద చెయ్యి పెట్టి, మీటరు వెనకున్న నట్టు రెండు చుట్లు తిప్పితే తీగ ఊడి వస్తుంది. ఇక బండి ఎంత దూరం పోయినా అంకె కదలదు. తిరిగొచ్చాక రెండు చుట్లు బిగిస్తే సరి. కొత్త డ్రైవరు వస్తే క్లచ్చు కంటే ముందు అదే నేర్పేవాళ్ళు. మామయ్య వేళ్ళకి ఆ నట్టు ఎంత అలవాటంటే, బస్సులో కూర్చున్నా కుడిచెయ్యి మోకాలి మీద ఉత్తినే తిరుగుతూ ఉండేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మామయ్యా, అంత నిక్కచ్చిగా రాస్తావు కదా. ఇది అబద్ధం కాదూ?"

"మీటరు ఏం చూపించిందో అదే రాశాను. ఒక్క అంకె ఎక్కువ తక్కువ ఉంటే చూపించు."

"తీగ ఊడదీసింది నువ్వే కదా?"

"తీగ గురించి బుక్కులో గడి లేదురా," అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే మామయ్య షెడ్డుకి వెళ్ళి, తేదీ వేసి, "బండి షెడ్డులోనే ఉంది" అని రాసి, మొదలూ చివరా ఒకే అంకె వేసి, తీగ ఊడదీసి, జీపు తీసుకుని హెల్తాఫీసరు ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్యా, ఆమె చెల్లెలూ ఊరవతల ఎవరిదో కొత్త ఇల్లు చూడాలన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఎండ మాడ్చేస్తోంది, త్వరగా పోనియ్యమన్నారు. కల్వర్టు దగ్గర మలుపులో ఒకతను సైకిలుకి రెండువైపులా నీళ్ళ క్యాన్లు కట్టుకుని ఎదురొచ్చాడు.

"ఆవిడ త్వరగా అన్న మాట నిజమే. తొక్కింది మాత్రం నేనే," అని మామయ్య తర్వాత నాతో చాలాసార్లు అన్నాడు.

సైకిలతను ఎగిరి కాలవ పక్కన పడ్డాడు. జీపు కల్వర్టు గోడకి గుద్దుకుంది. మామయ్య కుడికాలు బ్రేకుకీ నుజ్జయిన రేకుకీ మధ్య ఇరుక్కుపోయింది. వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరికీ గాజులు పగిలాయి, అంతే. ఆవిడ ఫోను చేసిన అరగంటలో హెల్తాఫీసరు బావమరిది లారీ తెచ్చి జీపుని షెడ్డుకి లాక్కుపోయాడు. చుట్టూ చేరినవాళ్ళకి తెల్ల జీపు అని, సర్కారు బండి అని తెలిసింది. గుద్దిన దెబ్బకి ముందు నంబరు పలక మడతపడిపోయింది, వెనకది దుమ్ము పట్టి ఉంది, నంబరు ఎవరికీ అందలేదు. మామయ్యని ఆటోలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి రిజిస్టరులో, ఇంట్లో మెట్ల మీంచి పడ్డాడు అని రాయించారు. మాది మెట్లే లేని ఇల్లు.

సైకిలతను మర్నాడు సాయంత్రం పెద్దాసుపత్రిలో పోయాడు.

మూడోరోజు హెల్తాఫీసరు వచ్చాడు. కాలు వేలాడదీసిన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అత్తయ్య ఒక మూల, నేను ఒక మూల.

"ఏమయ్యా రీడింగూ, ఎలా ఉంది?"

"కాలు ఇక బ్రేకు తొక్కదంటున్నారు సార్."

"తొక్కకపోతే పోనీలే. కూర్చుని చేసే పని ఇప్పిస్తాను. షెడ్డు వాచ్‌మన్. నీడపట్టున ఉంటావు." సంచీలోంచి లాగ్ బుక్కు తీసి ఆ ఆదివారం పేజీ తెరిచాడు. "నువ్వే రాశావు, బండి షెడ్డులోనే ఉందని. నేను సంతకం పెట్టాను. మీటరూ అదే చెప్తోంది. మూడూ ఒకే మాట మీద ఉన్నాయి. నువ్వు కూడా ఆ మాట మీద ఉంటే చాలు."

"మరి బండికి దెబ్బలు?" అన్నాను నేను.

ఆయన అప్పటిదాకా నన్ను చూడనే లేదు. "ఈ కుర్రాడెవడు?"

"మా మేనల్లుడు సార్. చదువుతాడు," అన్నాడు మామయ్య.

"ఏం చదువు?"

"అన్నీ సార్."

"అన్నీ చదవడం మంచిది కాదు," అని ఆయన లేచాడు. "షెడ్డు పైరేకు ఊడి బండి మీద పడింది. గాలికి."

గాలి లేదు. మర్నాడు షెడ్డుకి వెళ్ళి చూస్తే నిజంగానే ఒక రేకు లేదు. ట్యాంకరు డ్రైవరు బీడీ కాలుస్తూ పైకి చూపించాడు. "పొద్దున ఇద్దరు నిచ్చెనేసి దించారు. గాలికి నిచ్చెన కూడా ఉంటుందని ఇవాళే తెలిసింది."

ఆ రాత్రి నేను మామయ్య తరఫున అర్జీ రాశాను. నాలుగు పేజీలు. ఏ ఏ నిబంధన ఎలా తప్పారో, ఎవరు ఎక్కమన్నారో, తీగ సంగతి, రేకు సంగతి, అన్నీ రాశాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదనుకున్నాను. పొద్దున్నే ఆసుపత్రిలో చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"బాగా రాశావురా. ఇది ఇస్తే ముందు ఏమడుగుతారు?"

"నిజమా కాదా అని."

"కాదు. తీగ ఊడదీసింది ఎవరు అని. ఎన్నేళ్ళుగా అని. పదకొండేళ్ళు అని చెప్పాలి. సెలవురోజు బండి తీసింది ఎవరు? నేను. బుక్కులో తప్పు రాసింది ఎవరు? నేను. మనిషిని గుద్దింది ఎవరు?" అక్కడ ఆగాడు. "వాళ్ళు ఎక్కారని కాగితం ఎక్కడుంది? వాళ్ళ పేర్లు నేను ఎప్పుడైనా రాశానా?"

"అయితే ఏం చేద్దామంటావు?"

అత్తయ్య మధ్యలోకి వచ్చింది. "చేసేదేముంది? ఉద్యోగం పోతే ఒంటికాలు మనిషికి ఎవరు పని ఇస్తారు? జైల్లో పెడితే ఆ కాలు ఎవరు చూస్తారు? నువ్వా, నీ పుస్తకాలా?"

నేను కాగితాలు మంచం మీద పెట్టాను.

"చచ్చిపోయినవాడు ఎలాగూ తిరిగిరాడు," అంది, మెల్లగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

మామయ్య నా అర్జీని మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు. వారం తర్వాత హెల్తాఫీసరు పంపిన కాగితం మీద, మెట్ల మీంచి పడ్డానని, సంతకం పెట్టాడు. అదీ ముత్యాల్లాగే ఉంది.

పోలీసులు ఒకసారి షెడ్డుకి వచ్చి మూడు జీపుల బుక్కులూ చూశారు. ఆ ఆదివారం మూడూ షెడ్డులోనే ఉన్నాయి. నిజానికి ఆ రోజు మూడూ బయటే తిరిగాయి. అందుకే డ్రైవర్లలో ఎవడూ మాట్లాడలేదు. ఒక తీగ సంగతి బయటపడితే మూడు తీగలూ బయటపడతాయి.

నాలుగు నెలలకి మామయ్య ఊతకర్రతో వెళ్ళి వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాడు. తాళంచెవుల బోర్డు, లాగ్ బుక్కుల బీరువా, వచ్చేపోయేవాళ్ళ రిజిస్టరు ఆయన చేతికిచ్చారు. ఆ కుర్చీ సరిగ్గా ఊడదీసిన రేకు కిందే ఉంది. దాన్ని తిరిగి వేయించే అనుమతి ఎవరిదో తేలలేదు. ఎండ ఆయన మీద పడేది, వాన ఆయన మీద పడేది. కుర్చీ జరుపుకోమని చెప్తే వినేవాడు కాదు.

వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం క్యారియరు పట్టుకెళ్ళాను. మామయ్య చేతులు కడుక్కుంటుంటే గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో కాగితాలు.

"అన్నా, బండ్ల పుస్తకాలు ఇక్కడేనా ఉండేది?"

"ఏం కావాలమ్మా?"

"మా ఆయన్ని సర్కారు జీపు గుద్దింది. నీళ్ళ క్యాన్లు వేసేవాడు. ఏ బండో తేలితేగానీ కేసు నడవదంటున్నారు. ఆఫీసుకి పోతే, పోలీసులు చూశారు కదా, కావాలంటే నువ్వూ వెళ్ళి చూసుకో, ఇదిగో చీటీ అని రాసిచ్చారు." ఒక కాగితం తీసి ఇచ్చింది. దాని మీద హెల్తాఫీసరు సంతకం ఉంది.

మామయ్య ఆ చీటీని చాలాసేపు చదివాడు. తడిచెయ్యి చొక్కాకి తుడుచుకుని బీరువా తెరిచాడు. మూడు బుక్కులూ బల్ల మీద పెట్టి, తన బుక్కే ముందు తెరిచాడు. ఆ పేజీ కోసం ఆయన వెతకలేదు.

"నాకు చదవడం రాదన్నా. ఏమని ఉందో నువ్వే చెప్పు."

నేను మామయ్య మొహంలోకి చూశాను. ఒక్క మాట. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడనుకున్నాను. నా నాలుగు పేజీలూ నాకింకా కంఠతా వచ్చు. ఆయన నా వైపు తిరిగి, కళ్ళతోనే, నువ్వు చెప్తావా అని అడిగినట్టు చూశాడు. నేను క్యారియరు గిన్నెల వైపు చూశాను.

ఆయన వేలు పెట్టి, అక్షరం అక్షరం ముట్టుకుంటూ చదివాడు. "ఆదివారం. మొదటి రీడింగు నలభై ఒక్క వేల ఏడువందల ఆరు. చివరి రీడింగు నలభై ఒక్క వేల ఏడువందల ఆరు. బండి షెడ్డులోనే ఉంది."

"అంటే కదల్లేదన్నమాట."

"ఇందులో అలాగే ఉందమ్మా."

"మిగతా రెండూ?"

అవీ చదివాడు. ఆమె తలాడించింది. సంచీ మూతి ముడివేసుకుంటూ ఆయన కాలు చూసింది. "నీకేమైందన్నా?"

మామయ్య కుడిచెయ్యి మోకాలి మీద రెండు చుట్లు తిరిగింది.

"మెట్ల మీంచి పడ్డానమ్మా."

"జాగ్రత్తన్నా. ఇంట్లోవాళ్ళకి నువ్వే కదా దిక్కు," అని ఆమె వెళ్ళిపోయింది. బయటికి పోయే దారిలో కొత్త రంగు వేసిన జీపు అడ్డంగా నిలబెట్టి ఉంది. దాని ముందు బంపరు మీద చెయ్యి ఆనించి, బురద గుంట దాటి, గేటులోంచి వెళ్ళిపోయింది.

చినుకులు మొదలయ్యాయి. రేకు లేని చోటునుంచి సూటిగా బల్ల మీద పడుతున్నాయి. మామయ్య ముందు బుక్కుల్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తర్వాత వచ్చేపోయేవాళ్ళ రిజిస్టరు తెరిచి, మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు. నేను వెనక నిలబడి చదివాను.

పన్నెండు ముప్పావు. ఒక స్త్రీ. లాగ్ బుక్కులు చూపించడమైనది. పక్కన, వచ్చిన పని అనే గడి ఉంది. అక్కడ పెన్ను ఆనించి చాలాసేపు ఉంచాడు. సిరా చుక్కయి పెద్దదైంది. దాని మీద చినుకు పడింది. ఆయన రాతలో మచ్చ నేను చూడటం అదే మొదటిసారి.

ఆ గడి ఖాళీగా వదిలేసి రిజిస్టరు మూశాడు.

"అన్నం తిను మామయ్యా," అన్నాను.

"తీసుకుపోరా," అన్నాడు.