చెద్దరుల మూటగట్టిన కారు పందెం

తెలంగాణ ఇంకా రాలే, గోదావరిఖనిల ఇండ్లల్లకు అప్పుడప్పుడే నెట్టు వస్తున్న రోజులవి. అప్పటిదాంక ఆట కావాలంటే సీడీ దుకాణానికి పోవుడే. ఇంటికి తెస్తే సగంల ఆగిపోయేది. వాపసు తీస్కపోతే దుకాణపాయన సీడీని అంగి అంచుతోని తుడిచి "ఇగ నడుస్తది పో తమ్మీ" అనేటోడు. (నడవకపోయేది.) కొత్తగ డ్యూటీల చేరి, చేతికి బ్యాంకు కార్డు అందంగనే లోకం మారిందని నేను తేల్చేసిన. కారు పందెం ఆట ఒకటి, ఇంట్ల కూసొనే, నెట్టు దుకాణంల కొన్న. దీనికి గీతలు పడయి, ఎవ్వడూ ఎత్తుకపోడు, కంప్యూటర్ చెడిపోయినా మళ్ల దించుకోవచ్చు. ఈ ముచ్చట కాలనీ అంత చెప్పుకుంట తిరిగిన.

దించుకునుడే పెద్ద పని. ఇంట్ల ఫోన్ మోగితే నెట్టు తెగేది, మళ్ల కలిపేటందుకు ఎవరన్న కూసొని నొక్కాలె. మాది బొగ్గుబాయి ఇల్లాయె, బాపు దానికీ షిఫ్టులు వేసిండు. ఆయన డ్యూటీ దిగి, తానం చేసి వచ్చి కుర్చీల కూసుంటేనే నేను లేవాలె. ఆయన డ్యూటీకి పోతే అమ్మ. "రిలీఫ్‌కు ఇంకో మనిషి రాకముందు లేస్తే ఊకోను" అని బాపు హుకుం. అమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంట తెర దిక్కు చూసేది. "ఏందిరా, ఒక్క గీత ముందటికి జరిగేటందుకు ఇంటిల్లిపాది కావలా?"

ఇంతల నస్పూర్ నుంచి మేనత్త ఫోన్ చేసింది (నెట్టు తెగింది, అది వేరే సంగతి). ఆమె కొడుకు, మా బావ, బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నడు. "గోడ దిక్కు తిరిగి పండుకుంటుండు, నోరే విప్పుతలేడు. నువ్వన్న జర నవ్వియ్యి బిడ్డా" అన్నది. చిన్నప్పటి సంది నా ఆటలన్నీ బావతోనే. "ఫికర్ చెయ్యకు అత్తా, కొత్త ఆట తెస్త" అన్న. అన్నంక గుర్తొచ్చింది. సీడీ అయితే జేబుల వేసుకపోదును, దీన్ని ఎట్ల తీస్కపోవాలె? వాళ్లింట్ల కంప్యూటర్ ఉన్నది కానీ నెట్టు లేదు. అయినా నేను తగ్గుతనా? ఆట దిగినంక సీపీయూను చెద్దరుల మూటగట్టి, ఒళ్లె పెట్టుకొని బస్సెక్కిన.

బావ మెల్లగ ఇటు తిరిగి చూస్తుండంగ వాళ్ల తెరకు తీగలు కలిపిన. ఆట కంటే ముందు దుకాణం తెర వచ్చింది. నెట్టు పెట్టి, కొన్నది నేనేనని చూపియ్యాలెనట. మస్టర్ల హాజరు పడందే బాయిల దిగనియ్యనట్టు! నొక్కిన, తిట్టిన, బతిమిలాడిన. "నిజంగ కొన్నవా, కిరాయికి తెచ్చినవా?" అన్నడు బావ. కిందపడ్డంక ఆయన మాట్లాడిన మొదటి మాట అదేనట. సిగ్గుతోని సచ్చిన. కానీ ఇట్లనే వాపసు పోతే బావ మళ్ల గోడ దిక్కే తిరుగుతడు. వంటింట్లకెళ్లి స్టీలు పళ్లెం తెచ్చి ఆయన చేతిల పెట్టిన. "పట్టు బావా, ఇదే స్టీరింగు. నేను చెప్త, నువ్వు నడుపు. ముందట మలుపున్నది, తిప్పు, తిప్పు! అయ్యో, లారీ అడ్డమొచ్చింది!" ఇంజన్ మోత నేనే, హారన్ నేనే. బావ ముందు గులిగిండు, తర్వాత పళ్లెం తిప్పిండు, ఆఖరికి లారీని గుద్ది పడి పడి నవ్విండు. అత్త తలుపు కాడ నిలబడి "ఇద్దరికీ పిచ్చి లేసిందా!" అనుకుంట కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

ఇప్పుడు కూడ ఆటలన్నీ నెట్టుల్నే కొంట, సుఖం సుఖమే. ఆడినంక ఒకరికి ఇయ్యరాదు, అదొక్కటే మనసుకు బాధ. మొన్న నస్పూర్ పోతే బావ స్టీలు పళ్లెం తెచ్చి నా చేతిల పెట్టిండు. "ఈసారి నేను చెప్త, నువ్వు నడుపు" అన్నడు. ఇన్నేండ్లల్ల పెరిగిన పొట్ట అడ్డం తగిలి పళ్లెం సరిగ తిరగలే. అయినా గెలిచింది నేనే.