రాని మనిషికి వేసిన కుర్చీ

విదేశంలో ఉన్న ప్రతివాదికి నోటీసు పంపాలంటే ముందు కోర్టు అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే జడ్జిగారికి ఒక్కటే పిచ్చి: రాని మనిషికి కుర్చీ వేయించడం. అవతలివాళ్ళు సముద్రం దాటి ఉంటారు, వాళ్ళ తరఫున పలికే దిక్కుండదు. అందుకని అనుమతి అడగవచ్చిన లాయరే తన వాదన ముగించి, ఆ కుర్చీలో కూర్చుని, అవతలివాళ్ళ మాట కూడా చెప్పాలి. "లేనివాడి మాట దాచకూడదు. చట్టంలో ఉన్నదేనండీ," అనేవారాయన. మాట చట్టంలో ఉన్నదే. కుర్చీ మాత్రం వారి సొంతం. దానిమీద మెత్తటి దిండు కూడాను.

ఊరంతా ఆయన్ని కుర్చీ జడ్జిగారనేది.

ఆ కుర్చీ చేసిన ఘనకార్యాలు అన్నీ ఇన్నీ కావు. ఒక భారీకాయపు ప్లీడరు ఇటు నిలబడి గంభీరంగా వాదించి, అటు కూర్చుని అంతకన్నా బాగా వాదించి, తన పిటిషన్ తానే ఓడగొట్టుకున్నాడు. బయటికొచ్చి క్లయింటుతో, "అవతలి లాయరు గట్టివాడండీ" అన్నాడట! ఇంట్లోనూ అదే తంతు. పక్కింటావిడ మీద భార్య ఫిర్యాదు మొదలెడితే చాలు, ఆయన కుర్చీ జరిపేవారు. "దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగండి!" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఒక కొత్త లాయరమ్మ తొలిసారి జడ్జిగారి గదికి వెళ్ళినప్పుడు వెంట ఒక దర్జీ అక్క ఉంది. కుట్టుకొట్టు అక్కాచెల్లెళ్ళిద్దరి పేరా ఉండేది. చెల్లెలు విదేశం వెళ్ళింది; ఉత్తరం లేదు, ఫోను లేదు. ఇద్దరి సంతకాలూ లేనిదే అద్దె ఒప్పందం పొడిగించనని కొట్టు గది యజమాని భీష్మించాడు. నెలాఖరుకు కొట్టు మూతపడేలా ఉంది. అందుకే కొట్టు తన ఒక్కదాని పేర మార్చమని అక్క దావా వేసింది.

లాయరమ్మ వాదన అయ్యాక జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "బాగుందమ్మా. ఇక అటు కూర్చో," అన్నారు.

కూర్చుంది. "ఆవిడెవరో నాకు తెలీదండీ."

"తెలిసినావిడ పక్కనే ఉందిగా. నువ్వు రా తల్లీ."

దర్జీ అక్క కుర్చీలో కూర్చుని, మూతి తిప్పి, చెల్లెలి గొంతు పెట్టింది. "అక్క కొట్టు ఏమైతే నాకేం? నేనిక్కడ మహారాణిని!"

"అది నువ్వనేదమ్మా. తనేమంటుంది?"

"ఏమంటుందీ... ఫోనెందుకు చెయ్యలేదే అంటే..." గొంతు తగ్గింది. "నువ్వే కదే అక్కా, నేను బండెక్కుతుంటే, ఇక నీ మొహం చూపించకు, నీ గొంతు వినిపించకు అన్నావు. నీ మాట నేనెప్పుడు జవదాటాను?"

జడ్జిగారు కళ్ళజోడు తీశారు.

"అంత మాటన్నావా?"

"కోపంలో అన్నానండీ! దానికి అర్థం కావొద్దూ?"

"కుర్చీ దిగి చెప్పు తల్లీ. అది ఇటువైపు వాదన."

అనుమతి ఇచ్చేశారు. సంతకం చేసి, "ఇది ఆవిడ చేతికందేసరికి ఆలస్యమౌతుంది. ఈలోగా అక్క ఫోన్ చెయ్యకూడదని చట్టంలో ఎక్కడా లేదు," అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

వరండాలోంచి ఫోన్ చేస్తే అవతల వెంటనే ఎత్తారు. "అక్కా! గొంతు వినిపించొచ్చా?"

"నోర్ముయ్యవే! నీ మీద కోర్టుకెక్కాను," అంటూ దర్జీ అక్క ముక్కు తుడుచుకుంది.

"మంచిపని చేశావు. లేకపోతే నువ్వు ఫోన్ చేసేదానివా? సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు."

దావా ఇక అక్కర్లేదని చెప్పడానికి లాయరమ్మ లోపలికి వెళ్ళేసరికి, జడ్జిగారు ఆ దిండు దులుపుతున్నారు.

"రాని మనిషికి దిండెందుకండీ?"

"వాళ్ళు రారుగా అమ్మా, కూర్చునేది ఇటువాళ్ళే. అటు కూర్చోవడం వీళ్ళకి మహా గుచ్చుకుంటుంది."

ఆ సాయంత్రం ఇంట్లో మాటామాటా పెరిగింది. లాయరమ్మ ఒక కుర్చీ లాగి, "ఇందులో కూర్చుని నా తరఫున చెప్పండి," అంది భర్తతో.

కుర్చీ జడ్జిగారి సంగతి ఆయనా విన్నవాడే. కుర్చీని ఎగాదిగా చూసి, "దిండేదీ?" అన్నాడు.