గీజర్ బంద్ హై

మస్కట్‌లో ఈ ఫ్లాటు కొనుక్కుని ఏప్రిల్ ఇరవైకి మాకు ఏడాది నిండింది. ఆ రోజుతో బిల్డరు ఇచ్చిన గ్యారంటీ కూడా అయిపోయింది. అంతకు ముందే ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, ఇంటికి వారంటీ ఇన్సూరెన్స్ తీసుకోమన్నారు. ఏసీలు, గీజర్లు, నీళ్ళ పంపు, గోడల్లోని పైపులు ఏవి పాడైనా ఏడాదిపాటు వాళ్ళే బాగుచేయిస్తారట. తొంభై రెండు రియాళ్ళు. మే నెలాఖరు దాటితే ధర పెరుగుతుంది.

నేను లెక్క వేశాను. బిల్డరు గ్యారంటీ లేకపోతే పోయిన ఏడాది మరమ్మతులకు మాకు ముప్పై ఎనిమిదిన్నర రియాళ్ళు అయ్యేవి. ఆ లెక్కన కొనకూడదు. కానీ ఒక్క వస్తువు దగ్గర నా లెక్క ఆగిపోయింది. అది స్నానాలగదిలోని గీజర్.

ఇక్కడి ఎండకు మేడమీది ట్యాంకులో నీళ్ళు సలసల కాగుతాయి. చన్నీళ్ళ కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకని ఎండలు ముదరగానే అందరిలాగే మేమూ గీజర్ ఆపేస్తాం. ట్యాంకు నీళ్ళు దానిలోకి దిగి, ఇంటి లోపలి చల్లదనానికి నెమ్మదిగా చల్లారుతాయి. సెప్టెంబరు దాకా వేడినీళ్ళ కొళాయిలోంచే మాకు చన్నీళ్ళు.

మా వారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళు దాటింది. కుడివైపు స్పర్శ లేదు. నీళ్ళు కాలినా ఆయనకు తెలియదు, తెలిసినా చెప్పలేరు. రోజూ స్నానం చేయించకపోతే వీపు మీద పొక్కులు లేస్తాయి. బకెట్లలో నీళ్ళు చల్లార్చి ఎత్తి పోసే బలం నా చేతుల్లో లేదు, కొళాయికి తగిలించిన గొట్టంతోనే పోయాలి. మా పై ఫ్లాటులో ఇదే రకం గీజర్ మార్చిలో కారిపోతే, కొత్తది బిగించడానికి పదకొండు రోజులు పట్టింది. జూన్‌లో మాకు ఆ పదకొండు రోజులు వస్తే ఆయన గతి ఏమిటి? ఇన్సూరెన్స్ ఉంటే రెండు రోజుల్లో మార్చేస్తామన్నారు. తీసుకుందామనే అనుకున్నాను.

మే నాలుగున వస్తువులు పరీక్ష చేయడానికి ఒక మనిషిని పంపారు. నలభై ఏళ్ళుంటాయి, గడ్డం, కంపెనీ చొక్కా. ఈ దేశంలో అందరితో మాట్లాడినట్టే ఆయనతోనూ నేను నాకొచ్చిన హిందీలో మాట్లాడాను. ఆయనా హిందీలోనే మాట్లాడాడు. వేడినీళ్ళ కొళాయి తిప్పి, చెయ్యి పెట్టి చూశాడు.

"గీజర్ చాలూ హై, అమ్మా?"

"నహీ, బంద్ హై," అన్నాను.

ఆయన ఫోనులో ఏదో నొక్కుకుని వెళ్ళిపోయాడు.

వారం రోజులకు, డబ్బు కట్టేముందు చూసుకోమని పాలసీ కాగితం వచ్చింది. అన్నీ ఉన్నాయి, గీజర్ లేదు. పరీక్ష నాటికే పనిచేయడం లేదు కనుక వర్తించదని రాశారు. చాలూ అంటే వేసి ఉందా అని అడిగాడనుకుని, నేను ఆపేశామన్న అర్థంలో బంద్ అన్నాను. వాళ్ళ కాగితంలో అది పాడైపోయింది.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి హిందీలోనే అడిగింది: "మేడమ్, మీకు వేడినీళ్ళు రావడం లేదు, అంతేనా?"

"ఎందుకు రావు? ట్యాంకు నుంచి మరుగుతూ వస్తున్నాయి. నాకు కావలసినవి చన్నీళ్ళు."

"చన్నీళ్ళకు గీజర్ ఎందుకు, మేడమ్?"

ఈ ఊరికి ఎప్పుడొచ్చావమ్మా అని అడిగాను. ఢిల్లీలో కూర్చుని మాట్లాడుతోందట! చివరకు, గీజర్ వేసి ఉంచండి, మనిషి మళ్ళీ వచ్చి చూస్తాడు, రేపే, అంది.

వేసి ఉంచాను. రెండు కొళాయిల్లోనూ పొగలు కక్కే నీళ్ళే. తడి తువ్వాలుతో మా వారి ఒళ్ళు తుడిచాను. రేపు వచ్చింది, మనిషి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ సాయంత్రం ఆయన్ని పక్కకు తిప్పి చూస్తే వీపు ఎర్రబడి ఉంది. వెంటనే గీజర్ ఆపేశాను. అందులో నీళ్ళు చల్లారడానికి ఇంకో రోజున్నర పట్టింది.

అలా చల్లారిన నీళ్ళతో నేను ఆయనకు స్నానం చేయిస్తుంటే ఆ మనిషి బెల్లు కొట్టాడు. ఆయన్ని కుర్చీలో వదిలి కదలలేను. తలుపు తీసే ఉంది, ఆజావ్ అని కేకేశాను. మా వారి నడుముకు తువ్వాలు సర్ది, "ఏమండీ, కాస్త తల వంచండి, సబ్బు కళ్ళలో పడుతుంది," అంటూ ఉంటే స్నానాలగది గుమ్మంలో ఆ మనిషి అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, నువ్వు తెలుగా?"

"తెనాలి. మీరు?"

"కడప గదమ్మా మాది! ఆ పొద్దే తెలుగులో జెప్పింటే అయిపోయేది గదా. ఆపినాము అనింటే ఆపినాము అనే రాసుకుంటాంటి."

"ఇప్పుడు చెబుతున్నాను. ఆపాం, నాయనా. పాడవలేదు."

ఆ మనిషి కొళాయి కింద చెయ్యి పెట్టాడు. "సల్లగుండాయి. మా రూమ్‌లో గూడా ఇట్లే చేస్తామమ్మా, నాకు తెలీదా? కానీ నీళ్ళు కాగేది ఫోటో తీసి పంపాల నేను. సల్లనీళ్ళు ఫోటో తీస్తే ఆఫీసులో నన్నే అడుగుతారు."

"ఇప్పుడే వేస్తాను, గంటసేపు కూర్చోండి."

"ఇంకా నాలుగిండ్లు ఉండాయమ్మా. కింద బండి కాసుకొనుండాది." మా వారి వైపు చూశాడు. "మల్లా రిక్వెస్టు పెట్టు. నేనే వచ్చేటట్టు చూసుకుంటా."

మళ్ళీ అడగాలంటే మళ్ళీ గీజర్ వేయాలి, మళ్ళీ మా వారికి స్నానం మానిపించాలి. ఎన్ని రోజులో వాళ్ళూ చెప్పరు. నేను మళ్ళీ రిక్వెస్టు పెట్టలేదు.

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం దాకా ఆ కాగితం బల్ల మీదే ఉంది. అడగడానికి ఇంట్లో ఉన్నది మా వారొక్కరే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒమాన్‌లో ఎన్నో ఒప్పందాలు చదివి తప్పులు పట్టిన మనిషి. జబ్బు చేశాక ఆయన నోట మిగిలింది ఒకే మాట.

"గీజర్ లేకపోయినా ఏసీలకు ఉంటుంది. కొనమంటారా?"

"సరే."

"ఏసీలకు తొంభై రెండు రియాళ్ళు దండగ. మానేద్దామా?"

"సరే."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన మాత్రం కళ్ళు నా మీదే నిలిపి చూస్తున్నారు, నేనేదో తేలుస్తానన్నట్టు. సాయంత్రం నాలుగింటికి డబ్బు కట్టేశాను. ఎందుకు కట్టానంటే కారణం చెప్పలేను. కట్టకపోతే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు. కట్టినా పట్టలేదు.

ఇవాళ జులై తొమ్మిది. ఏసీలు బాగానే ఉన్నాయి. రోజూ పొద్దున్నే వేడినీళ్ళ కొళాయి తిప్పి, ముందు నా చెయ్యి పెట్టి చూసుకుంటాను. ఆ తరువాతే ఆయన్ని మంచం మీద నుంచి లేపుతాను. ఇవాళ్టికి చల్లగానే వచ్చాయి.