వేలు పెడితే నడిచిన గడియారం

గుడివాడలో ఫ్యాన్లు బాగుచేసుకునే నన్ను, కృత్తివెన్నులో రొయ్యల చెరువున్న మా బావ, నీళ్లకి గాలి అందించే ఏరేటర్ల కోసం బ్యాటరీ టైమర్ చేసిపెట్టమన్నాడు. అందులో గడియారాన్ని నడిపే క్రిస్టల్ పక్కన నువ్వుగింజంత కెపాసిటర్లు చాలట. ఫ్యాన్ నీరసిస్తే పెద్ద కెపాసిటర్ వేసే చెయ్యి కదండీ, దీనికీ బలంగా ఉంటాయని పెద్దవే వేశాను.

మబ్బు పట్టిన ఓ మధ్యాహ్నం, నేను చెరువు దగ్గరుండగానే, ఏరేటర్లు తిరగలేదు. లక్షల రొయ్యలు గాలాడక పైకి తేలి నావైపే గుడ్లురిమాయి. కంగారుగా టైమర్ విప్పి క్రిస్టల్ మీద వేలు పెడితే గడియారం నడిచింది, తీస్తే ఆగిపోయింది.

"రొయ్యలు పట్టేదాకా వేలు తియ్యకు బావా. అన్నం మీ చెల్లెలు కలిపి పెడుతుంది" అంటూ బావ తనే ఏరేటర్ల స్విచ్ వేసి రొయ్యల్ని బతికించాడు.

చిన్న కెపాసిటర్లు వేశాక టైమర్ నేటికీ నడుస్తోంది. పెద్దవాటికి మొరాయించిన గడియారం నా వేలికెందుకు లొంగిందో నాకింకా అయోమయమే. నేను గుమ్మంలో కనబడితే మాత్రం బావ లోపలికి కేకేస్తాడు: "మన పాత టైమర్ వచ్చింది, కాఫీ పెట్టు."