ఆదివారం రోగి ఆశన్న

ఆశన్నకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి: ఆదివారం వస్తే రోగి అవుతాడు.

చిక్కడపల్లిలో గడియారాలు బాగుచేసే మనిషి. నారాయణగూడలో నర్సు చదువు చెప్పే దమయంతి, నిజమైన రోగుల మీద చెయ్యి వేసేముందు పిల్లలు ఉత్తుత్తి రోగి మీద నేర్చుకోవాలని పట్టుబట్టింది. ఆ మంచం మీదికి ఈయన ఎగిరి దూకాడు. ఒక వారం ఉబ్బసం, ఒక వారం పక్షవాతం. బోనాల వారం ఏకంగా పాము కరిచింది.

తలవంపులు మాత్రం తల్లి కురుమమ్మకు. కూరగాయల బుగ్గయ్య తూకం వేస్తూ అడిగేవాడు.

"అవ్వా, ఈ వారం కొడుకు దేంతోని పోయిండు?"

"నీ పుచ్చు వంకాయలు తిని పోయిండు."

నోరైతే మూయించేది గానీ, ఇంటిదాకా కొంగు ముఖం మీదే. పైగా ఆ రోగమైనా సరిగ్గా వచ్చేదా? గుండెనొప్పి అని పడుకోబెడితే కడుపు పట్టుకుని దొర్లేవాడట. ఉత్తుత్తి రోగం కూడా చేతగాని కొడుకును కన్నానని కుమిలిపోయేది.

ఒక ఆదివారం ఓపిక పోయింది. కొడుకును లాక్కొద్దామని వెళ్ళి తరగతి గుమ్మంలో ఆగింది.

మొదటి పిల్ల వచ్చింది. ఆశన్న ఛాతీ అదిమి, ఎడమచెయ్యి రుద్దుకుంటూ మూలిగిన తీరుకు కన్నతల్లే నిజమనుకుని ఒక అడుగు ముందుకేసింది. తర్వాత సుబ్బలక్ష్మి. ఇవాళ కూడా తడబడితే ఇంటికి పంపేస్తామని ఆ పిల్లకు ముందే చెప్పారు. కంగారులో బీపీ పట్టీ తిరగేసి చుట్టింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

వెంటనే ఆశన్న, "అయ్యో, నా కడుపు" అంటూ మంచం మీంచి దబ్బున పడ్డాడు.

"ఆశన్నగారూ, మీది గుండెనొప్పండీ. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది దమయంతి.

నవ్వంతా ఆయన మీదికి మళ్ళింది. ఆయన తీరిగ్గా మళ్ళీ మంచమెక్కే సందులో సుబ్బలక్ష్మి పట్టీ విప్పి సరిగ్గా చుట్టేసింది.

"అది లెక్కలోకి రాదు, మొదటినుంచీ ఇంకోసారి చెయ్యమ్మా" అంది దమయంతి.

ఈలోగా కురుమమ్మ వచ్చి కొడుకు చెవి పట్టింది. "గుండె యాడుంటదో తెల్వదారా?"

"ఎర్కనే అమ్మా" అన్నాడు గుసగుసగా. "గా పిల్లను చూసి నవ్విన్రనుకో, చెయ్యి ఇంక కదలదు. నన్ను చూసి నవ్వితే నాకేమైతది?"

కురుమమ్మ చెవి వదిలేసింది. ఇన్నాళ్ళూ దేనికి సిగ్గుపడిందో తలుచుకుంటే అసలు సిగ్గు ఇప్పుడొచ్చింది. కొంగు తీసి నడుముకు చెక్కుకుంది.

"లెవ్వురా." కొడుకును నెట్టి తానే పడుకుని చెయ్యి చాపింది. "కట్టు బిడ్డా. ఎవరు నవ్వుతరో నేను జూస్త."

ఒక్క పన్ను కూడా బయటపడలేదు. పట్టీ ఈసారి కుదురుగా కూర్చుంది. దమయంతి తల ఊపి, "ఇంటికి వెళ్ళక్కర్లేదు సుబ్బలక్ష్మీ" అంది.

పని అయినా కురుమమ్మ మంచం దిగలేదు.

"వచ్చే వారం నాకేం రోగమిస్తవ్ పంతులమ్మా? జర పెద్దదే ఇయ్యి. పడిశానికి పడుకుంటే బుగ్గయ్య కాడ పరువు పోతది."