నాదని చెప్పుకున్న ఊరు

టెక్సాస్‌లో, ఇర్వింగ్ ఊళ్లోని మా ఆఫీసులో నా పక్క సీటాయనది ఐర్లండ్‌లో ఒక చిన్న పల్లె. ఒక చర్చి, ఒక పబ్బు, ఒక పాత రాతి వంతెన, అంతే. ఆయన చెబుతుంటే మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా వంతెనలే లేవనిపిస్తుంది.

అక్కడ ఏటా వేసవిలో ఏ పల్లె ముచ్చటగా ఉందో చూడటానికి పోటీ పెడతారు. జడ్జి ఏ రోజు వస్తాడో చెప్పరు. అందుకని ఆ నెలల్లో కొత్త కారు కనిపిస్తే చాలు, అందరూ చీపుళ్లు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేస్తారట. ఒకసారి వాళ్లక్క దారి తప్పిన టూరిస్టును జడ్జి అనుకుని, టీ ఇచ్చి, ఊరంతా తిప్పి చూపించిందట. వంతెన పక్కన పూలమడి తాతల నాటి నుంచి వీళ్లింటి బాధ్యత. లంచ్ టైములో అక్క ఆ మడిని వీడియో కాల్‌లో చూపిస్తుంది. ఈయన టెక్సాస్‌లో కూర్చుని "ఎడమవైపు కలుపు తియ్యలేదేం?" అని పోట్లాడతాడు. పక్కింటి ముసలాయన కూడా మధ్యలో దూరి ఈయన్నే తిడతాడు. నేను పెరుగన్నం తింటూ కుళ్లుకునేవాణ్ని. ఊరంటే అలా తిట్టాలి.

మా నాన్నది బ్యాంకు ఉద్యోగం. ఒక ఊరు అలవాటయ్యేలోగా బదిలీ. నన్ను కలుపు తియ్యలేదేమని అడిగే ఊరు ఒక్కటీ లేదు. అందుకే "మీ ఊరేది?" అని ఆయన అడిగిన రోజు, కడుపుమంటతో మా ఆవిడ పుట్టిన ఊరిని నాదని చెప్పేశాను. గోదావరి కాలువ, లాకులు, వినాయక చవితికి వీధుల మధ్య పందిళ్ల పోటీ. "ఎప్పుడూ మా వీధిదే పైచేయి" అని కోతలు కూడా కోశాను. నిజానికి ఆ వీధిలో అల్లుడి హోదాలో కాఫీలు తాగడం తప్ప నేను చేసిందేమీ లేదు.

ఈ మధ్య వాళ్ల ఊరికి బహుమతి వచ్చింది. ఆ సంబరంలోనే ఒక శనివారం, ఇర్వింగ్ పక్కనే ఉన్న కాపెల్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆవకాయ కారానికి కళ్లు తుడుచుకుంటూ నా ఊరి పందిళ్లను పొగడటం మొదలుపెట్టాడు. మా ఆవిడ వడ్డించడం ఆపి నా వంక చూసింది.

"ఇదేంటండీ, మా ఊరిని మీ పేరు మీద ఎప్పుడు రాయించుకున్నారు?" అంది తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో ఆయనకు అసలు సంగతి చెప్పేసింది. ఆయన హాయిగా నవ్వాడు. ఇక ఇద్దరూ పూలమడి గురించి, పందిళ్ల గురించి చుట్టాల్లా మాట్లాడుకున్నారు. అప్పటిదాకా నా ఏడుపు ఆయన ఒక్కడి మీదే. ఇప్పుడు మా ఆవిడ మీద కూడా.

ఆయన మా చిన్నపిల్లను కూడా అడిగాడు, "మరి మీ ఊరేది?" అని.

"కాపెల్," అంది, తడుముకోకుండా. "మా పార్క్‌లో టర్టిల్స్ ఉన్నాయి. హాలోవీన్‌కి మా స్ట్రీటే బెస్ట్."

ఆయన చెంచా పక్కన పెట్టి, పోటీ ఊరి మనిషితో మాట్లాడినట్టు, ఆ తాబేళ్ల గురించి ఒక్కొక్కటే అడిగాడు. అది గర్వంగా జవాబులు చెప్పి, చివరికి నా మొహం చూసింది. జాలేసినట్టుంది.

"డాడీ, నువ్వు కూడా కాపెల్ అని చెప్పొచ్చు. ఐ డోంట్ మైండ్."

ఆ ఇల్లు వెతికి కొన్నది నేను. ఊరు మాత్రం మా పిల్లదైంది. కన్నకూతుర్ని చూసి కుళ్లుకుంటూనే, సరేనని తలూపాను.